ఫొటో చెప్పగలిగేది, చెప్పలేనిది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. రెండేళ్లుగా ఫొటోలు తీస్తున్నారు. బొమ్మలు వేసే మీ స్నేహితుడు ఒకరోజు "అందులో నువ్వు చేసేది ఏముంది, అంతా కెమెరానే చేస్తుంది కదా" అన్నాడు. ఆ మాట అప్పటి నుంచి మిమ్మల్ని తొలుస్తోంది. మనసులోని మాట చెప్పడానికి ఫొటో సరిపోతుందా, ఒక పద్యమో ఒక వర్ణచిత్రమో చేసే పని అది చేయగలదా, చేయలేకపోతే ఎక్కడ ఆగిపోతుంది అని అడిగారు. నేను 1983 నుంచి ముప్ఫై ఆరేళ్లు స్టూడియో నడిపాను. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పత్రికల పని అన్నీ చేశాను. ఇప్పుడు కొందరు పిల్లలకు నేర్పుతున్నాను. ఈ ప్రశ్న నన్ను కూడా చాలా ఏళ్లు వెంటాడింది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ స్నేహితుడి మాటలో సగం నిజం ఉంది. ఫొటో బలమంతా ఆ సగంలోనే ఉంది, బలహీనత కూడా అక్కడే ఉంది. చందమామ కావాలని ఏడ్చిన బాలరాముడికి అద్దం చూపించిన కథ మనందరికీ తెలుసు. ఫొటో ఆ అద్దమే అనుకోండి. అద్దంలోకి చందమామ రావాలంటే ఆకాశంలో చందమామ ఉండి తీరాలి. అమావాస్య నాడు ఎంత ఖరీదైన అద్దం పట్టుకున్నా ఏమీ కనిపించదు. చిత్రకారుడికి ఆ ఇబ్బంది లేదు, అమావాస్య రాత్రి కూర్చుని పున్నమిని గీయగలడు. కవి అయితే లేని చందమామ మీదే పద్యం కడతాడు. మనకు ఆ స్వేచ్ఛ లేదు. అందుకు బదులుగా దక్కింది ఒకటుంది. మన చిత్రంలో చందమామ కనిపిస్తే, ఆ రాత్రి ఆకాశంలో చందమామ ఉన్నట్టే.

ఇంకొక తేడా ఉంది. అది నాకు పుస్తకాల్లో కాక పనిలో తెలిసింది.

1986లో పక్క పల్లె నుంచి ఒక పెద్దావిడ మా స్టూడియోకి వచ్చింది. కొడుకు ప్రమాదంలో పోయాడు. పెద్దకర్మ దగ్గర పడుతోంది, గోడకు పెట్టుకోవడానికి ఫొటో కావాలి. ఆమె దగ్గర ఉన్నది అతని బస్సు పాసు ఒక్కటే. దాని మీద పాస్‌పోర్టు సైజు ఫొటో, ఆ ఫొటోలో ఎడమ చెంప మీదుగా గుండ్రటి రబ్బరు ముద్ర సగం పడి ఉంది. దాన్ని మళ్లీ ఫొటో తీసి, నెగటివ్ మీద పెన్సిలుతోనూ ప్రింటు మీద సన్నని బ్రష్షుతోనూ ఆ ముద్రను చెరిపాను. దాదాపు ఒక పూట పట్టింది. పెద్ద సైజు ప్రింటు చేసి ఇచ్చాను. పనితనంలో లోపం లేదని ఇప్పటికీ చెప్పగలను. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. "మావాడే బిడ్డా. కానీ వాడు ఇలా ఉండడు" అంది.

మాటల్లో తెలిసింది ఏమిటంటే, అంతకుముందు ఏడాది మా ఊళ్లో ఒక పెళ్లికి ఆ అబ్బాయి వడ్డనకు వచ్చాడు. ఆ పెళ్లి తీసింది నేనే. ఖాకీ కవర్ల మీద తేదీ, ఊరు, ఇంటిపేరు రాసి నెగటివ్‌లు దాచుకునే అలవాటు ఉండేది. ఆ రాత్రి ఆ కవరు తీసి, లైటు పెట్టె మీద పరిచి, భూతద్దంతో ఒక్కొక్క ఫ్రేమూ చూశాను. భోజనాల బంతి దగ్గర తీసిన ఫ్రేమ్ ఒకటి దొరికింది. ముందు పెళ్లికొడుకు మేనమామలు కూర్చుని ఉన్నారు. నేను తీసింది వాళ్లనే. వెనక, విస్తళ్ల వరుస చివరన ఒక కుర్రవాడు పప్పుచారు బకెట్టు ఎడమ చేత్తో పట్టుకుని, నడుము వంచి, తల పక్కకు తిప్పి, ఎవరితోనో ఏదో అంటూ నవ్వుతున్నాడు. నెగటివ్ మీద అతని ముఖం ఆవగింజంత ఉంది. నెగటివ్‌లోని బొమ్మను కాగితం మీద పెద్దదిగా పడేసే యంత్రం, ఎన్‌లార్జర్, దాని తలను ఎత్తగలిగినంత ఎత్తి, ఆ ముక్క ఒక్కటే ప్రింటు చేశాను. ఎర్ర లైటు కింద, కాగితం మీద బొమ్మను తేల్చే రసాయనం (డెవలపర్) పోసిన ట్రేలో మొదట జుట్టు తేలింది, తర్వాత బకెట్టు, దాని కింద నీడ. భుజం మీది తువ్వాలు, పళ్లు కాగితపు తెలుపుగానే మిగిలిపోయాయి. అంత పెద్దది చేస్తే ముఖం గ్రెయిన్ తప్ప మరేమీ కాదు, ఇసుక చల్లినట్టు ఉంది. కళ్లు రెండు నల్లటి మచ్చలు. ఎవరికైనా ఇవ్వడానికి సిగ్గుపడవలసిన ప్రింటు అది. ఆమె దాన్ని చూడగానే కొడుకును పేరు పెట్టి పిలిచింది. చక్కగా తయారు చేసిన ఫొటోను బల్ల మీదే వదిలేసి దాన్ని తీసుకెళ్లింది.

దీని గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను. ఆ ఫొటో తీసింది నేనేనా? బటన్ నొక్కింది నేనే. కానీ ఆ కుర్రవాణ్ని నేను చూడనే లేదు. చిత్రకారుడి కుంచె నుంచి అతడు చూడని మనిషి రావడం అసాధ్యం. కాన్వాసు మీది ప్రతి గీతా అతడు అనుకుని గీసినదే. ఫొటోలోకి మాత్రం మనం అనుకోని లోకం కూడా మన వెంట నడిచి వస్తుంది. కెమెరా అన్నీ చేస్తుందని మీ స్నేహితుడు అన్నది ఈ అర్థంలో అయితే ఒప్పుకుంటాను. అది చిన్న సంగతి కాదు. ఇంకే కళకూ ఈ వరం లేదు.

పనిలోపనిగా ఇంకొకటి కూడా గమనించండి. బస్సు పాసు ఫొటోలో పోలిక పూర్తిగా ఉంది, మనిషి లేడు. రెండోదానిలో పోలిక సగమే ఉంది, మనిషి ఉన్నాడు. ఉన్నది ఉన్నట్టు తీయడం వేరు, ఒకరి గురించి చెప్పడం వేరు.

"కెమెరా అబద్ధం చెప్పదు" అని మన స్టూడియోల్లో తరచూ అనే మాట ఒకటుంది. నేను దాన్ని నమ్మను. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచివాడు డగెర్ ప్యారిస్‌లో తన కిటికీ నుంచి బూలెవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని తీశాడు. ఎప్పుడూ బండ్లతో, మనుషులతో కిటకిటలాడే వీధి అది. ఆ రోజుల్లో వెండి పూత పూసిన రేకు మీద బొమ్మ పడడానికి నిమిషాలు పట్టేది. కదిలే బండ్లు, నడిచే మనుషులు ఏవీ దాని మీద నిలవలేదు. రోడ్డు మొత్తం నిర్మానుష్యంగా వచ్చింది. ఎడమవైపు కింది మూలలో ఒక్క మనిషి మాత్రం మిగిలాడు, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డాడు కాబట్టి. ఫొటోలో గుర్తుపట్టేలా పడిన తొలి మనిషి అతడేనని చాలామంది అంటారు. టెలిగ్రాఫ్‌తో పేరు పొందిన శామ్యూల్ మోర్స్ 1839లో ప్యారిస్‌లో ఈ చిత్రాన్ని చూసి, ఆ ఖాళీ వీధి వింతను ఒక లేఖలో రాశాడు. ఆ రేకు మీద ఉన్నదంతా నిజమే. అయినా ఆ వీధి ఖాళీగా ఉందని ఎవరైనా అనుకుంటే అది పచ్చి అబద్ధం. కెమెరా తనకు దొరికినదే చెబుతుంది, దొరకని దాని గురించి మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని మనం 'లేదు' అని చదువుకుంటాం.

అసలు 'లేదు' అనే మాటే ఫొటోకు రాదు. 'ఎందుకంటే' కూడా రాదు. 'ఒకవేళ' అసలే రాదు. ఆవును అమ్ముకున్న రైతు కొట్టాన్ని తీస్తే కొట్టం కనిపిస్తుంది, ఆవు లేకపోవడం కనిపించదు. రైతు ఎందుకు అమ్మాడో, వాన పడి ఉంటే అమ్మేవాడో కాదో ఏదీ కనిపించదు. కథ రాసేవాడు ఒక్క వాక్యంలో ఇవన్నీ చెప్పేస్తాడు. మనం ఏమి చేయగలం? గుంజకు వేలాడుతున్న పలుపుతాడును వెతకగలం. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, ఆ తాడు నీడ ఖాళీ నేల మీద పడేలా నిలబడగలం. అప్పుడు చూసేవాడి మనసులోకి ఆవు వస్తుంది. ఫొటో 'లేదు' అని చెప్పగలిగే దారి అదొక్కటే. ఏ కెమెరా కూడా దానంతట అది వెళ్లి ఆ తాడు ముందు నిలబడదు. మీ స్నేహితుడి మాటలో అబద్ధమైన సగం ఇది.

ఈ మాటకు నాకు తెలిసిన బలమైన రుజువు భోపాల్. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి ఊరి మీద పడింది. ఆ తర్వాత ఒక పసిబిడ్డను పూడ్చిపెడుతుండగా ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీశారు, రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ. అదే బిడ్డ, అదే మట్టి, తెరిచి ఉన్న అవే కళ్లు. రఘు రాయ్‌ది నలుపు తెలుపు. అందులో ఒక పెద్ద చెయ్యి ఆ ముఖాన్ని ఆఖరిసారి తాకుతూ కనిపిస్తుంది. నా కళ్లు ప్రతిసారీ ముందు ఆ చేతి మీదికే పోతాయి, ఆ తర్వాతే ముఖం మీదికి. పాబ్లోది రంగుల చిత్రం. దానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి వచ్చింది. మట్టి రంగూ ముఖం రంగూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నట్టు ఉండి, చూపు తిప్పుకోవడానికి చోటు ఇవ్వదు. మొదటిది నన్ను దుఃఖంలోకి తీసుకెళుతుంది, రెండోది కోపంలోకి. అంతా కెమెరానే చేసేటట్టయితే ఈ రెండూ ఒకటే అయి ఉండాలి కదా.

అయితే ఆ రెండు చిత్రాలనూ ఎంతసేపు చూసినా ఆ విషవాయువు పేరు మిథైల్ ఐసోసయనేట్ అని తెలియదు. నీళ్లు ట్యాంకులోకి చేరడం, పనిచేయవలసిన రక్షణ ఏర్పాట్లు పనిచేయకపోవడం, ఖర్చు తగ్గించుకోవడానికి ఎవరో గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయాలు, వీటిలో ఏదీ లెన్స్ ముందుకు వచ్చి నిలబడదు. దోషం ఎవరిదో ఫొటో చెప్పలేదు. దోషం ఎవరిదని అడగకుండా ఉండలేని స్థితికి మాత్రం మనల్ని తెస్తుంది. అక్కడి నుంచి పని విలేకరులది, న్యాయస్థానాలది.

చిత్రకళతో పోల్చి చూడాలంటే 1943 బెంగాల్ కరువు కంటే మంచి సందర్భం నాకు తోచదు. సునీల్ జనా ఫొటోలు తీశాడు, చిత్తప్రసాద్ సిరా బొమ్మలు గీశాడు. ఇద్దరి పనీ కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'పీపుల్స్ వార్'లో వచ్చింది. జనా ఫొటో ముందు నిలబడి "ఇది జరగలేదు" అనడం ఎవరి తరమూ కాదు. బొమ్మ ముందు అనవచ్చు, ఎముకలు ఎక్కువ చేసి గీశాడని వంక పెట్టవచ్చు. కానీ చిత్తప్రసాద్‌కు మనకు లేని సౌకర్యం ఒకటి ఉంది. మనిషి చుట్టూ కాగితాన్ని తెల్లగా వదిలేయగలడు. ఆ తెలుపులో మనిషి ఒంటరితనం కనిపిస్తుంది, గీత ఒత్తిడిలో గీసినవాడి కోపం కనిపిస్తుంది. మిడ్నాపూర్ జిల్లాలో తిరిగి, బొమ్మల పక్కనే ఆ మనుషుల కథలు కూడా రాసి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వం దాదాపు 5,000 ప్రతులను పట్టుకుని తగలబెట్టింది. సాక్ష్యం ఫొటోకే ఉంటుంది, బొమ్మ ఊహే కదా అని తేలిగ్గా అనుకునే నా విద్యార్థులకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను. ఆ ప్రభుత్వం బొమ్మకు భయపడింది. ఆ కరువులో మనిషిని చంపింది బియ్యం ధర. ధరను జనా తీయలేడు, చిత్తప్రసాద్ గీయలేడు. రాసి చెప్పవలసిందే.

ఫొటో కింద రాసే మాటలను తేలికగా తీసుకోకండి. 1936 మార్చిలో అమెరికన్ ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ కాలిఫోర్నియాలోని నిపోమోలో, బఠానీ చేలలో కూలికి వచ్చిన ఒక తల్లిని తీసింది. అమెరికా ఆర్థిక మాంద్యం అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే ముఖం అదే. ఆ కొద్ది నిమిషాల్లో లాంగ్ కొన్ని ఫ్రేములు తీస్తూ దగ్గరికి వెళ్లింది. దూరం నుంచి తీసిన వాటిలో గుడారం, సామాను, పెద్ద పిల్ల కూడా ఉన్నారు. చివరిదానిలో తల్లి, ఒడిలో పసిబిడ్డ, ఆమె భుజాలకు తల ఆనించి ముఖాలు అటు తిప్పుకున్న ఇద్దరు పిల్లలు మిగిలారు. ఆ తీసివేతలోనే ఆమె కళ ఉంది. తర్వాత మూలలో గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలు అడ్డంగా ఉందని దాన్ని కూడా నెగటివ్‌లో చెరిపించింది. ముద్ర చెరిపిన చేతులు నావి కాబట్టి నేను ఆమెను తప్పుపట్టను. కానీ తల్లి పేరు అడగలేదు. ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆ పేరు 1978లో గానీ లోకానికి తెలియలేదు. ఆమె చెరోకీ మూలవాసి అన్నది కూడా అప్పటివరకు ఎవరికీ తెలియదు. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసిన మాట నిజం కాదని ఆ కుటుంబం తర్వాత చెప్పింది. ఒక్క అక్షరం లేకుండా మనల్ని కదిలించగల ముఖం, తన గురించి తాను ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. మనం ఏది రాస్తే అదే ఆమె కథ అయిపోతుంది. మనుషులను తీసేవారు మోయవలసిన బరువు ఇది. ఇందులో నాకు రాజీ లేదు.

కెమెరా అక్కడికి వెళ్లి తీరాలన్న నియమం కూడా చిన్న అడ్డంకి కాదు. నవలా రచయిత అంతఃపురంలోకి కూర్చున్న చోటి నుంచే వెళ్తాడు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌కు హైదరాబాద్ కోటలు, దర్బార్లు, వేటలు అన్నీ తెరిచి ఉండేవి, పరదా వెనక ఉన్న స్త్రీలు తప్ప. అందుకని 1892లో వారి కోసమే ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. ఆనాటి హైదరాబాద్ గురించి మనకున్న దృశ్య జ్ఞాపకంలో ఏయే తలుపులు తెరుచుకున్నాయో, ఎవరు తెరవనిచ్చారో ఆలోచిస్తూ ఆ చిత్రాలను చూడండి. అప్పుడు అవి మరింత ఎక్కువ చెబుతాయి.

రంగు గురించి ఒక్క మాట. నా తొలి బతుకమ్మ ఫొటోలు నలుపు తెలుపు రీలు మీద తీశాను. కడిగి చూస్తే తంగేడు పసుపు దాదాపు తెల్లగా వచ్చింది, పక్కనున్న గునుగు కూడా తెల్లగానే ఉంది. కంటికి వరుసలు వరుసలుగా కనిపించిన బతుకమ్మ కాగితం మీద ఒకే ముద్ద. కానీ చప్పట్లు కొట్టడానికి దగ్గరవుతున్న చేతులు, వంగిన నడుముల వలయం, రంగుల్లో తీసినప్పుడు ఎన్నడూ అంత స్పష్టంగా రాలేదు. పాట మాత్రం దేనిలోనూ రాలేదు. ఆ పాట తెలిసినవారు ఫొటో చూస్తే వాళ్లకు వినిపిస్తుంది, తెలియనివారికి అది స్త్రీలు గుండ్రంగా నిలబడిన బొమ్మ. ఎదుటివాడి జ్ఞాపకం మీద ఫొటో ఎంతగా ఆధారపడుతుందో నాకు అప్పుడు తెలిసింది. వరంగల్‌కు చెందిన ఫొటోగ్రాఫర్, 2022లో మనల్ని విడిచి వెళ్లిన గుడిమల్ల భరత్ భూషణ్ గారు ఏళ్ల తరబడి బతుకమ్మనూ తెలంగాణ పల్లెనూ వదలకుండా తీస్తూనే ఉన్నారు. ఒక్క ఫొటోకు పట్టనిది వంద ఫొటోల్లో పడుతుంది. ఒంటరి ఫొటో ఒక మాట లాంటిది, వరుసగా పేర్చినప్పుడే వాక్యం అవుతుంది. మన కళకున్న కొరతల్లో సగం అలా తీరుతాయి.

ఈమధ్య కంప్యూటర్‌కు నాలుగు మాటలు చెప్పి చేయించే బొమ్మల సంగతి కూడా మీరు ప్రస్తావించారు. నా దృష్టిలో అవి చిత్రకారుడి వైపు చేరతాయి, మన వైపు చేరవు. అమావాస్య నాడు గీసిన పున్నమి లాంటివి. గీసుకోవచ్చు, తప్పేమీ లేదు. వాటిని తెచ్చి 'ఇది జరిగింది' అనే చోట నిలబెట్టినప్పుడు నాకు కడుపు మండుతుంది. భోపాల్ బిడ్డను కూడా ఎవరో తయారు చేసి ఉంటారని రేపు ఒకడు అనగలిగితే, పోయేది ఒక్క ఫొటో పరువు మాత్రమే కాదు.

ఇక మీరు ఏమి చేయాలి? కొత్త లెన్స్ కొనకండి. మీ ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒక్క చోటు ఎంచుకోండి, టీ కొట్టు కావచ్చు, చెరువుగట్టు కావచ్చు, కుట్టుమిషన్ పెట్టుకున్న వరండా కావచ్చు. ఏడాది పాటు అక్కడికే వెళ్లండి. మొదటి నెలలో అందమైన ఫొటోలు వస్తాయి, తర్వాత రెండు మూడు నెలలు ఏమీ రావు, విసుగొస్తుంది. ఆ విసుగు దాటాక మీకు పలుపుతాళ్లు కనిపించడం మొదలవుతుంది. మీ స్నేహితుణ్ని కూడా ఒకసారి వెంట తీసుకెళ్లండి. అతడు బొమ్మ గీయనివ్వండి, మీరు ఫొటో తీయండి, తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకోండి.

తీసిన వాటిలో మంచివి ప్రింటు వేయించండి. వెనక పెన్సిలుతో తేదీ, ఊరు, మనుషుల పేర్లు రాయండి. పేరు అడగడానికి మొహమాటపడకండి. బాగా రాలేదనుకున్న వాటిని కూడా చెరిపేయకండి, వెనక వరుసలో ఎవరున్నారో మీకు ఇప్పుడు తెలియదు. ఆ పెళ్లి కవరు మీద తేదీ, ఇంటిపేరు రాసి ఉండకపోతే, ఆ రాత్రి ఆ కుర్రవాడు నాకు దొరికేవాడు కాదు.